దొంగ దారం, షాంపూ సీసా: ఒక స్కీ జంపింగ్ సీజన్

కాళ్లకు స్కీలు అనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు కొండ మీద జారి గాలిలోకి ఎగిరే ఆట స్కీ జంపింగ్. 2025 జనవరి 6న ఆస్ట్రియాలోని బిషోఫ్స్‌హోఫెన్ అనే చిన్న ఊళ్లో ఆ ఆటలో నాలుగు కొండల టోర్నీ ముగిసింది. ఓబర్‌స్‌డోర్ఫ్, గార్మిష్, ఇన్స్‌బ్రుక్, బిషోఫ్స్‌హోఫెన్. నాలుగు ఊళ్లు, ఊరికి రెండు జంపులు, మొత్తం ఎనిమిది. 22 ఏళ్ల డానియల్ చోఫెనిగ్ గెలిచాడు. రెండో స్థానం యాన్ హోర్ల్‌ది, మూడోది స్టెఫాన్ క్రాఫ్ట్‌ది. ముగ్గురూ ఆస్ట్రియా వాళ్లే. ఎనిమిది జంపులు కలిపితే ఒక్కొక్కరు వెయ్యి మీటర్ల దాకా గాలిలో ప్రయాణం చేసినట్టు. చివరికి చోఫెనిగ్‌కు, హోర్ల్‌కు మధ్య తేడా 1.4 పాయింట్లు. ఆ కొండ మీద మీటరు దూరానికి 1.8 పాయింట్లు ఇస్తారు. అంటే ఎనభై సెంటీమీటర్లు కూడా లేదు.

నేను నల్గొండ జిల్లాలో ఒక సర్కారు బడిలో పీఈటీని. లాంగ్ జంప్ గుంట పక్కన టేపు పట్టుకుని కూర్చోవడం నా ఉద్యోగంలో భాగం. సెంటీమీటరు తేడాతో జిల్లా సెలక్షన్ పోయిన పిల్లల ముఖాలు నాకు తెలుసు. అందుకే మన ఎండలకు, మన బతుకులకు ఏ సంబంధమూ లేనట్టు కనిపించే ఈ ఆటను కొన్నేళ్లుగా వదలకుండా చూస్తున్నాను. యూరప్‌లో సాయంత్రం జరిగే పోటీ మనకు రాత్రి వస్తుంది. ఇంట్లో పనులయ్యాక ఫోన్‌లో చూడటానికి వీలుగా ఉంటుంది.

2024-25 సీజన్ గురించి ఎక్కడ మాట వచ్చినా నార్వే జట్టు డ్రెస్సుల మోసం గురించే మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. కానీ అదే సీజన్‌లో ఇంకో అన్యాయం జరిగింది. దాన్ని రెండు రోజులు ముచ్చటించుకుని వదిలేశారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్నది నా వాదన. ముందు ఈ ఆటలో కొలత ఎట్లా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మోసం ఎంత పెద్దదో అర్థం కాదు.

పెద్ద కొండ మీద ఆటగాడు గంటకు 90 కిలోమీటర్లకు పైగా వేగంతో జారి వస్తాడు. అంచు దగ్గర ఒక్క తోపు. తర్వాత గాలిలో నాలుగైదు సెకన్లు ఉంటాడేమో. ప్రతి కొండకూ కే పాయింట్ అని ఒక గీత ఉంటుంది. మామూలుగా అక్కడ దిగితే 60 పాయింట్లు. దాటితే మీటరుకు ఇంత అని కలుపుతారు, తగ్గితే తీసేస్తారు. ఐదుగురు జడ్జీలు ఒక్కొక్కరు 20కి మార్కులు వేస్తారు. అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి మధ్యలో మూడు లెక్కలోకి తీసుకుంటారు. దిగేటప్పుడు ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి మోకాళ్లు వంచాలి. దాన్ని టెలిమార్క్ అంటారు. అది సరిగా లేకపోతే మార్కులు పోతాయి.

ఇంతవరకు ఏ ఆటలోనైనా ఉండేదే. ఈ ఆట ప్రత్యేకత గాలి లెక్క. ఎదురుగాలి వస్తే స్కీల కింద, ఒంటి కింద గాలి ఒత్తి పైకి లేపుతుంది, దూరం పెరుగుతుంది. వెనక గాలి వస్తే మనిషిని కిందికి నొక్కేస్తుంది. ఒకడికి ఎదురుగాలి, రెండు నిమిషాల తర్వాత ఇంకొకడికి వెనక గాలి. ఒకప్పుడు ఇది అదృష్టం అనుకుని ఊరుకునేవాళ్లు. మరీ తేడా వస్తే ఆ రౌండే రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. 2009 వేసవిలో కొత్త పద్ధతి పరీక్షించారు, తర్వాత అదే నిబంధనయింది. కొండ పొడవునా గాలిని కొలిచే పరికరాలు ఉంటాయి. ఎదురుగాలి కలిసొచ్చినవాడికి పాయింట్లు కోస్తారు, వెనక గాలి తగిలినవాడికి కలుపుతారు. జారడం మొదలుపెట్టే బల్లను పైకో కిందికో మార్చినా దానికీ లెక్క ఉంటుంది.

లాంగ్ జంప్‌లో ఇంత లేదు. వెనక నుంచి వచ్చే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ దూరాన్ని రికార్డుగా ఒప్పుకోరు, అంతే. పోటీలో మాత్రం ఆ దూరం చెల్లుతుంది, మెడల్ కూడా వస్తుంది. మండల స్థాయి పోటీల్లో అయితే గాలిని కొలిచే పరికరమే ఉండదు.

ఈ గాలి లెక్క నచ్చని ప్రేక్షకులు చాలామంది ఉన్నారు. ఎక్కువ దూరం దూకినవాడే గెలవాలి, కళ్లతో చూసింది ఒకటి, బోర్డు మీద వచ్చేది ఇంకొకటి అయితే ఆట చూడటం ఎందుకు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. మాకు సాగర్ ఎడమ కాలువ కింద కొద్దిగా పొలం ఉంది. యాసంగి వడ్లు కల్లంలో పోసి, కొనుగోలు కేంద్రం దగ్గర కాంటా కోసం ఎదురుచూసిన ఇల్లు మాది. తేమ 17 శాతం దాటితే తీసుకోరు. అది న్యాయమే, తడి వడ్లు బరువు తూగుతాయి కాబట్టి. మీటరు పెట్టి అందరి ముందు చూపించి తేమ చెబితే ఏ రైతూ గొడవ పడడు. మీటరు సంగతి పక్కన పెట్టి, తాలు ఉందని, మట్టి ఉందని బస్తాకు కిలో, రెండు కిలోలు తరుగు తీసినప్పుడే గొడవ. గాలి పాయింట్లు అంటే నా దృష్టిలో అందరి ముందు పెట్టిన తేమ మీటరు. తన చెమటతో సంపాదించింది ఎంత, గాలి ఇచ్చింది ఎంత అని విడదీసి చూపించడానికి ఇంత తంటాలు పడే ఆట ఇంకొకటి నాకు కనిపించలేదు. ఆ లెక్కలో లోపాలు ఉన్నాయి. పరికరం ఉన్నచోట ఒక గాలి, మనిషి ఉన్నచోట ఇంకో గాలి ఉండొచ్చు. అయినా కొలవడానికి ప్రయత్నించేవాళ్లనే నేను నమ్ముతాను.

కొలత పట్టుదల గాలితో ఆగలేదు. ఒంట్లో బరువు తక్కువుంటే ఎక్కువ దూరం పోతారని ఆటగాళ్లు తిండి మానేసే రోజులు వచ్చాయి. దానికి 2004లో ఒక నిబంధన తెచ్చారు. ఎత్తుకు తగ్గ బరువు లేకపోతే స్కీల పొడవు తగ్గించుకోవాలి, పొట్టి స్కీలతో దూరం రాదు. అంటే కడుపు మాడ్చుకుని సంపాదించిన లాభం చేతికి రాకుండా పోతుంది. కబడ్డీ సెలక్షన్ ముందు రోజు బరువు తగ్గాలని అన్నం, నీళ్లు మానేసి ఎండలో పరిగెత్తే పిల్లలను నేను చూశాను, ఆపాను, ఆపలేకపోయిన సందర్భాలూ ఉన్నాయి. మన దగ్గర ఆ పిల్లలను తిట్టడమే ఉంది. అట్లా చేసినా లాభం లేకుండా నిబంధనను మార్చిన ఆటంటే నాకు గౌరవం.

ఇక డ్రెస్సు. చూడటానికి మామూలు బట్టలాగే ఉంటుంది. ఈ ఆటలో మాత్రం అదే రెక్క. బట్ట గుండా చదరపు మీటరుకు సెకనుకు కనీసం 40 లీటర్ల గాలి బయటకు పోవాలి. గాలి పోకుండా ఆపితే అది తెరచాపలాగా పనిచేస్తుంది. ఒంటికి, బట్టకు మధ్య ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉండొచ్చో నిబంధన ఉంది. తొడల మధ్య బట్ట ఎంత కిందికి ఉండాలో కూడా కొలుస్తారు, అక్కడ బట్ట ఎక్కువైతే గాలి పట్టే వైశాల్యం పెరుగుతుంది కాబట్టి. తనిఖీ అయిపోయిన డ్రెస్సును మార్చకుండా చిప్పులు అతికిస్తారు.

2025 ఫిబ్రవరి ఆఖర్లో మొదలై మార్చి దాకా నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. సొంత గడ్డ, సొంత జనం. చిన్న కొండ మీద నార్వే ఆటగాడు మారియుస్ లిండ్విక్ స్వర్ణం గెలిచాడు. మార్చి 8న పెద్ద కొండ పోటీ. దానికి ముందు రహస్యంగా తీసిన ఒక వీడియో బయటకొచ్చింది. నార్వే జట్టు వాళ్లు ఒక గదిలో కుట్టు మిషన్ దగ్గర డ్రెస్సులను మారుస్తున్నారు. ఆస్ట్రియా, స్లొవేనియా, పోలండ్ ఫిర్యాదు చేశాయి. పోటీ అయ్యాక డ్రెస్సుల కుట్లు విప్పి చూస్తే లోపల గట్టి దారం దొరికింది. పైనుంచి ఎంత కొలిచినా అది కనిపించేది కాదు. రెండో స్థానంలో ఉన్న లిండ్విక్‌ను, అతని జట్టులోని యోహాన్ ఆండ్రే ఫోర్‌ఫాంగ్‌ను అనర్హులను చేశారు. స్లొవేనియా కుర్రాడు డొమెన్ ప్రెవ్‌ట్స్‌కు స్వర్ణం, హోర్ల్‌కు రజతం, నాలుగో స్థానంలో ఉన్న జపాన్ ఆటగాడు ర్యోయు కొబయాషికి కాంస్యం వచ్చాయి. మర్నాడే నార్వే వాళ్లు తప్పు ఒప్పుకున్నారు. మిగిలిన సీజన్‌కు ఆటగాడికి ఒక్క డ్రెస్సే అని నియమం పెట్టి, ఆ డ్రెస్సులను ఫిస్ అని పిలిచే అంతర్జాతీయ స్కీ సమాఖ్య తన దగ్గరే పెట్టుకుంది.

హెడ్ కోచ్ మాగ్నుస్ బ్రెవిగ్‌కు, డ్రెస్సుల సంగతి చూసే ఏడ్రియన్ లివెల్టెన్‌కు, ఇంకొక సహాయకుడికి చివరికి 18 నెలల నిషేధం పడింది. ఆటగాళ్లిద్దరికీ మూడు నెలలు, 2,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా. సీజన్ చివర్లో ఆడనివ్వకుండా ఆపిన కాలాన్ని అందులో కలిపేయడంతో 2025-26 సీజన్‌కు వాళ్లిద్దరికీ అడ్డం లేకుండా పోయింది. చిన్న కొండ స్వర్ణం లిండ్విక్ దగ్గరే ఉంది.

ఈ శిక్ష గురించి రెండు మాటలు వింటుంటాను. అందరూ చేసేదే, వీళ్లు దొరికారు అనేది ఒకటి. ఆటగాళ్లకు తెలియదు కదా, పాపం అనేది ఇంకొకటి.

మొదటి మాట నాకు చాలా కోపం తెప్పిస్తుంది. అందరూ చేస్తారు అన్న మాటతోనే మా జిల్లాలో పదహారేళ్లవాళ్లు పద్నాలుగేళ్ల లోపు పోటీల్లో దిగుతారు. వయసు సర్టిఫికెట్ మార్చిన పిల్లాడి పక్కన నిజంగా పద్నాలుగేళ్లున్న పిల్లాడు నిలబడి ఓడిపోతాడు. ఓడిపోయిన పిల్లాడు ఇంటికి పోయి తనలో సత్తా లేదనుకుంటాడు, ఆట మానేస్తాడు. అందరూ చేస్తారు అని మనం తేలిగ్గా అనే మాటలో ఆ పిల్లాడు ఎక్కడా లేడు. ట్రోన్‌హైమ్‌లో కూడా డ్రెస్సు సరిగా కుట్టించుకుని ఐదో స్థానంలో, పదో స్థానంలో నిలిచినవాళ్లు ఉన్నారు. గాలి చేసిన మేలును దశాంశాలతో సహా లెక్కగట్టి కోసే ఆటలో, ఒక దారంతో ఆ లెక్కంతా అబద్ధం చేశారు. జనవరిలో 1.4 పాయింట్లతో టోర్నీ తేలిన సీజన్ అది. మీటరు ఎక్కువ తెచ్చే బట్ట అంటే ఎంత పెద్ద దొంగతనమో ఆ అంకెను చూస్తే తెలుస్తుంది.

రెండో మాట కొంచెం ఆలోచించాల్సింది. దారం సంగతి ఆటగాళ్లకు తెలిసిందని ఫిస్ విచారణ కూడా అనలేదు, తెలుసుకోవాల్సిన బాధ్యత ఉందని చెప్పింది. నేనూ అదే అంటాను. ఏళ్ల తరబడి ఒకే రకం డ్రెస్సు వేసుకుని ఎగిరినవాడికి, గాలిలో ఒళ్లు అర సెంటీమీటరు వంగినా తెలిసేవాడికి, బట్టలో తేడా తెలియకపోతే కనీసం అడగాలి. బూటు బిగుతు మారితే మా బడిలో ఏడో తరగతి పిల్ల కూడా వచ్చి చెబుతుంది. మూడు నెలల శిక్ష చాలా తక్కువ. కనీసం ఒక శీతాకాలం పోటీలు కోల్పోయేలా ఉండాల్సింది.

ఇప్పుడు షాంపూ సంగతికి వస్తాను.

అదే సీజన్, 2024 డిసెంబర్ ఆఖరు. మగవాళ్లకు నాలుగు కొండల టోర్నీ ఉంటే ఆడవాళ్లకు ఆ రోజుల్లోనే రెండు రాత్రుల పోటీ అని ఒకటి పెట్టారు. కొండలు నాలుగు కాదు, రెండే. గార్మిష్‌లో ఆడవాళ్ల క్వాలిఫికేషన్‌లో, అంటే అసలు పోటీకి ముందు అర్హత తేల్చే రౌండులో, జర్మనీ అమ్మాయి సెలీనా ఫ్రైటాగ్ మొదట నిలిచింది. ఆమెకు ఇచ్చిన బహుమతి షవర్ జెల్, షాంపూ, నాలుగు చేతి తువ్వాళ్లు. మగవాళ్లలో క్వాలిఫికేషన్ గెలిచినవాడికి 3,000 స్విస్ ఫ్రాంకులు. ఫ్రైటాగ్ ఆ సంగతి బయటకు చెప్పింది కాబట్టి ప్రపంచానికి తెలిసింది. నిబంధనల్లో ఆడవాళ్ల క్వాలిఫికేషన్‌కు నగదు బహుమతి లేదు అని జవాబు వచ్చింది.

దారం కుట్టినవాళ్లు నిబంధన తప్పారు, దొరికారు, శిక్ష పడింది. షాంపూ ఇచ్చినవాళ్లు ఏ నిబంధనా తప్పలేదు. నన్ను నిద్ర పట్టనివ్వనిది ఇదే. కొలతలో మోసం చేస్తే వీడియో తీసి, కుట్లు విప్పి, దారం బయటపెట్టవచ్చు. అసలు కాంటానే రెండు రకాలుగా పెట్టి, అది నిబంధన అని రాసిపెట్టుకుంటే ఏ కుట్టు విప్పాలి?

ఫ్రైటాగ్ ఎవరో అనామకురాలు కాదు. రెండు నెలల తర్వాత ట్రోన్‌హైమ్‌లో చిన్న కొండ మీద, పెద్ద కొండ మీద రెండింట్లోనూ ప్రపంచ రజతం గెలిచింది. రెండుసార్లూ ఆమె ముందు నిలిచింది స్లొవేనియా అమ్మాయి నికా ప్రెవ్‌ట్స్.

ఈ ఆటలో ఆడవాళ్ల చరిత్ర చదివితే మన ఊళ్లలో మాటలే వినిపిస్తాయి. 2005లో ఫిస్ అధ్యక్షుడుగా ఉన్న జాన్ ఫ్రాంకో కాస్పర్, వైద్యపరంగా ఇది ఆడవాళ్లకు తగిన ఆట కాదన్నట్టు మాట్లాడాడు. అన్నిసార్లు అంత ఎత్తు నుంచి నేలకు దిగడం ఆడవాళ్ల శరీరానికి సరిపడదని ఆయన ఉద్దేశం. అప్పటికే రెండేళ్ల ముందు, 2003లో, ఆస్ట్రియా అమ్మాయి డానియెలా ఇరాష్కో కుల్మ్ కొండ మీద 200 మీటర్లు ఎగిరి క్షేమంగా దిగింది. మా బడికి వచ్చే అమ్మమ్మలు, మేనత్తలు కూడా ఇదే అంటారు. మేడం, ఆడపిల్లను దూకనివ్వకండి, గర్భసంచి జారుతుంది, రేపు పెళ్లయ్యాక ఇబ్బంది. డాక్టరమ్మను బడికి పిలిపించి చెప్పించినా సగం మందే వింటారు. చదువులేని అమ్మమ్మ భయంతో అన్న మాటను నేను అర్థం చేసుకోగలను. ప్రపంచ సమాఖ్య అధ్యక్షుడి నోట అదే మాట వస్తే అర్థం చేసుకోవడానికి ఏముంది?

2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఈ పోటీ పెట్టలేదు. అమెరికా అమ్మాయి లిండ్సీ వాన్ 2009లో ఆడవాళ్ల తొలి ప్రపంచ చాంపియన్. ఒలింపిక్స్ కోసం విస్లర్‌లో కట్టిన చిన్న కొండ మీద మగవాళ్లతో సహా అందరికన్నా ఎక్కువ దూరం అప్పటికి ఆమెదే. ఆ కొండ మీదనే ఆమెకు ఒలింపిక్ పోటీ లేదు. ఆడవాళ్లు కెనడాలో కోర్టుకు వెళ్లారు. ఇది వివక్షేనని జడ్జి ఒప్పుకుంది. కానీ పోటీలను నిర్ణయించేది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, దాని మీద కెనడా చట్టం చెల్లదు అని కేసు కొట్టేసింది. ప్రపంచ కప్పు 1979లో మొదలైతే ఆడవాళ్లకు 2011లో మొదలైంది. ఒలింపిక్స్‌లోకి 2014లో రానిచ్చారు, అదీ చిన్న కొండ మీద మాత్రమే. అతి పెద్ద కొండల మీద పోటీకి 2023 దాకా ఆగారు. ఒలింపిక్స్ పెద్ద కొండ 2026లో దక్కింది. ఒక్కో మెట్టు దగ్గరా ఇంకా మీరు సిద్ధంగా లేరు అనే మాటే వాళ్లకు వినిపించింది.

సిద్ధంగా ఉన్నారో లేదో 2025 మార్చి 14న నార్వేలోని వికెర్సుండ్‌లో తేలింది. నికా ప్రెవ్‌ట్స్ 236 మీటర్లు ఎగిరింది. ఆడవాళ్లలో ప్రపంచ రికార్డు. మర్నాటికి ఇరవై ఏళ్లు నిండే అమ్మాయి. అదే నెల ఆఖర్లో స్లొవేనియాలోని ప్లానిత్సాలో ఆమె అన్న డొమెన్ 254.5 మీటర్లతో మగవాళ్ల ప్రపంచ రికార్డు పెట్టాడు. అదే ప్లానిత్సాలో 1936లో మొదటిసారి మనిషి 100 మీటర్లు దాటాడు. 1994లో 200 దాటాడు. 2015లో వికెర్సుండ్‌లో 250 అందుకున్నది వీళ్ల పెద్దన్న పీటర్. ఇంకో అన్న చెనె కూడా ఆటగాడే, ఒలింపిక్ రజతం ఉంది. ఒకే నెలలో ఒకే ఇంటి అన్నాచెల్లెళ్ల పేరు మీద మగ, ఆడ ప్రపంచ రికార్డులు రెండూ చేరాయి. ఆ సీజన్ ప్రపంచ కప్పు మగవాళ్లలో చోఫెనిగ్‌ది, ఆడవాళ్లలో నికాది. డిసెంబర్ మధ్యకల్లా ఐదు పోటీలు గెలిచిన 34 ఏళ్ల జర్మన్ పియస్ పాష్కె గురించి కూడా రాయాలని ఉంది, ఇంకోసారి రాస్తాను.

ఇంత చెబితే మా స్టాఫ్ రూములో ఒక సార్ అడిగారు, మేడం, మంచే లేని నల్గొండలో ఈ గోల మనకెందుకు అని. మనసులో ఉన్న జవాబు ఇక్కడ రాస్తున్నాను. స్లొవేనియా జనాభా ఇరవై లక్షల పైచిలుకు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి నల్గొండ జిల్లాలో దాదాపు 35 లక్షల మంది ఉన్నారు. దేశం చిన్నదా పెద్దదా అన్నది అడ్డం కాదు. మంచు సంగతంటారా, వేసవిలో వాళ్లు తడిపిన ప్లాస్టిక్ పరుపుల మీద దూకి సాధన చేస్తారు, పోటీలు కూడా పెడతారు. మంచు ఎరుగని పిల్లలు ఏం చేయగలరో మనకూ తెలుసు. మన భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకున్న గురుకులం పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం పిల్లాడు ఆనంద్ కుమార్. భువనగిరి అప్పుడు మన నల్గొండ జిల్లాలోనే ఉంది. మా పిల్లలు రేపు స్కీ జంపింగ్ చేస్తారని నేను అనడం లేదు. వాళ్లను కొలిచే టేపు ఒకటే ఉండాలని అంటున్నాను.

టేపు ఒకటేనా అంటే లేదు. సంక్రాంతికి, జాతరలకు మా చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ టోర్నమెంట్లు పెడతారు. మగపిల్లల జట్టుకు వేలల్లో నగదు, పెద్ద కప్పు, ఫ్లెక్సీ, ప్రజాప్రతినిధి చేతుల మీదుగా బహుమతి. ఆడపిల్లలకు పోటీ పెడితే గొప్ప. పెట్టినచోట స్టీలు డబ్బా, ప్లాస్టిక్ బకెట్, బాగా ఖర్చుపెట్టినచోట చీర. ఆట పోటీకి బదులు ముగ్గుల పోటీ పెట్టి సరిపెట్టిన ఊళ్లూ ఉన్నాయి. ముగ్గు వేయడం గొప్ప విద్యే, కానీ కబడ్డీ ఆడే పిల్లకు కబడ్డీ కావాలి. గార్మిష్ షాంపూ గురించి చదివినప్పుడు నాకు దూరదేశపు వార్తలా అనిపించలేదు. ఆ సంచి మా పిల్లల చేతుల్లో చూశాను.

నిర్వాహకుల వాదన ఒకటి ఉంది. ఆడవాళ్ల పోటీకి జనం రారు, డబ్బులిచ్చేవాళ్లు రారు, అందుకే బహుమతి తక్కువ అని. కొంత నిజమే. కానీ జనం ఎందుకు రారు? మగవాళ్ల పోటీ సాయంత్రం, ఆడవాళ్లది మధ్యాహ్నం ఎండలో పెడితే ఎవరొస్తారు? మగవాళ్లకు నాలుగు కొండలు, డెబ్బై ఏళ్ల పేరు, ఆడవాళ్లకు రెండు కొండలు ఇచ్చి, పేరు రాలేదంటే ఎట్లా? మా ఊళ్లో ఒక్క ఏడాది ఆడపిల్లల ఫైనల్‌ను మగపిల్లల సెమీఫైనల్స్ మధ్యలో పెట్టించాం. జనం కదలకుండా కూర్చుని చూశారు. అరిచారు కూడా. బహుమతి మాత్రం అప్పుడూ బకెట్లే ఇచ్చారు.

నికా 236 మీటర్లకు, డొమెన్ 254.5 మీటర్లకు తేడా పట్టుకుని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే నగదు తేడా అంటారు. లాంగ్ జంప్‌లో అమ్మాయి ఆరు మీటర్లు దూకితే ఆ ఆరు మీటర్లు తోటి అమ్మాయిల మధ్య కొలుస్తాం, అబ్బాయి ఎనిమిది మీటర్ల పక్కన పెట్టి మెడల్‌ను సగం చేయం. మెడల్‌కు లేని లెక్క డబ్బుకు ఎందుకు వచ్చింది?

2026లో ఇటలీలో శీతాకాల ఒలింపిక్స్. ఆడవాళ్లకు పెద్ద కొండ అక్కడ తొలిసారి ఇచ్చారు, సంతోషం. అదే ఒలింపిక్స్‌లో నార్డిక్ కంబైన్డ్ అని ఇంకో ఆట ఉంది. ముందు స్కీ జంపింగ్, తర్వాత మంచు మీద పది కిలోమీటర్ల పరుగు. 1924లో మొదటి శీతాకాల ఒలింపిక్స్ నుంచి ఉన్న ఆట. అందులో ఆడవాళ్లకు ప్రపంచ కప్పు ఉంది, ప్రపంచ చాంపియన్‌షిప్ ఉంది, ఒలింపిక్ పోటీ మాత్రం ఇప్పటికీ లేదు. స్కీ జంపింగ్ విడిగా చేస్తే ఆడవాళ్లు తగినవాళ్లు. మంచు మీద దూరపు పరుగు విడిగా చేస్తే 1952 నుంచి తగినవాళ్లు. రెండూ కలిపి చేస్తే తగరట. ట్రోన్‌హైమ్ దారం గురించి చాలామంది మాట్లాడారు కదా. ఈ విషయం మీద కూడా అంతమంది రాయాలి. నేను ఒలింపిక్ కమిటీకి రాశాను, మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు కూడా సంతకాలు పెట్టారు. ఈ సంక్రాంతి టోర్నమెంట్‌లో ఆడపిల్లల కబడ్డీకి అబ్బాయిలతో సమానంగా నగదు పెట్టమని మా ఊరి కమిటీకి ఇచ్చిన కాగితం మీదా అవే సంతకాలు ఉన్నాయి.